పేరు, పుట్టినతేదీ, ఊరు

సన్నీవేల్‌లో ఎండాకాలం సాయంత్రాలు ఏ పార్కుకి వెళ్ళినా మన అమ్మలూ నాన్నలూ కనిపిస్తారు. చీర మీద స్వెట్టరు, కాళ్ళకి కొడుకు కొనిచ్చిన బూట్లు, ముందు స్ట్రోలర్లో మనవడో మనవరాలో. వాళ్ళ గురించి మనం మాట్లాడుకునేటప్పుడు వీసా ఎన్నాళ్ళకి వచ్చింది, విమానంలో వీల్‌చైర్ పెట్టించారా, ఇన్సూరెన్సు తీసుకున్నారా అని అడుగుతాం. పాస్‌పోర్టు ఎలా వచ్చిందని మాత్రం ఎవరూ అడగరు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉద్యోగం చేసి రిటైరైన వాళ్ళకి అదొక పూట పని. పల్లెటూళ్ళో పుట్టి, పల్లెటూరికే కోడలిగా వెళ్ళి, అయిదో తరగతితో బడి మానేసిన అమ్మకి అది ఒక పూట పని కాదు. మా ఇంట్లో అది దాదాపు నాలుగు నెలల పని.

మాది రాజంపేట దగ్గర ఒక పల్లె. మామిడి, అరటి, బొప్పాయి తోటల ప్రాంతం. మా వైపు పాస్‌పోర్టు అనేది కొత్త మాట కాదు. రాజంపేట, రాయచోటి, కోడూరు చుట్టుపక్కల పల్లెల నుంచి కువైట్‌కి వెళ్ళని వీధి ఉండదు. మగవాళ్ళు డ్రైవర్లుగా, ఆడవాళ్ళు ఇంటిపనికి. కాబట్టి మా ఊళ్ళో పాస్‌పోర్టులు చాలా ఉన్నాయి. కాకపోతే అమ్మకి కావాల్సిన పాస్‌పోర్టు అమెరికాకి, మా ఎదురింటి అక్కకి కావాల్సింది కువైట్‌కి. రెండు ఫారాలూ ఇక్కడ సన్నీవేల్‌లో రాత్రిళ్ళు కూర్చుని నేనే నింపాను. ఆ రెండింటి మధ్య నాకు తెలిసొచ్చిన సంగతులే ఇది.

పాస్‌పోర్టు ఫారం ఎన్ని పేజీలున్నా నిజానికి అది అడిగేది మూడే ప్రశ్నలు. నీ పేరేమిటి, ఎప్పుడు పుట్టావు, ఎక్కడ పుట్టావు. ఊళ్ళో చిన్నపిల్లాణ్ణి అడిగినా అమ్మ గురించి ఈ మూడూ చెబుతాడు. కాకపోతే ఊరికి తెలిసిన తీరు వేరు, ఫారంలోని గళ్ళకి కావాల్సిన తీరు వేరు.

మొదట పేరు. ఆధార్‌లో అమ్మ పేరు చివర 'అమ్మ' ఉంది, ఇంటిపేరు మాత్రం ఒక్క అక్షరం. పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, 'అమ్మ' లేదు. ఓటరు కార్డులో ఇంటిపేరే లేదు. రేషన్ కార్డులో అన్నీ ఉన్నాయి గానీ ఒక ఒత్తు పోయింది. నాలుగు కార్డులు, నలుగురు మనుషులు. ఇవన్నీ ఎవరో ఒక ఆపరేటరు హడావుడిలో కొట్టినవే. అమ్మ చెప్పింది తెలుగులో, వాళ్ళు కొట్టింది ఇంగ్లీషులో. 'లక్ష్మి'ని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో మనందరికీ తెలుసు. మన పేర్లలో ఒత్తులూ దీర్ఘాలూ ఇరవయ్యారు అక్షరాల్లోకి దిగేసరికి ఎవరికి తోచినట్టు వాళ్ళు దించుతారు.

పాన్ కార్డు ప్రకారం వెళ్దామా, ఆధార్ ప్రకారం వెళ్దామా అని అమ్మనే అడిగాను. పాన్ ప్రకారమైతే పేరులో 'అమ్మ' ఉండదని చెప్పాను.

"అమ్మ ల్యాకుంటే అది నా పేరెట్లయితాది నాయనా? అది మీ చిన్నమ్మ కూతురి పేరు గదా!" అంది.

నిజమే. మా చిన్నమ్మ తన కూతురికి అదే పేరు పెట్టి, కాలానికి తగ్గట్టు చివర 'అమ్మ' తీసేసింది. ఆ రెండక్షరాలే మా ఇంట్లో ఇద్దరు మనుషుల్ని విడదీసేది. కాబట్టి 'అమ్మ' ఉండాల్సిందే అని తేలింది. ఇక ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా పెట్టించాలి, పాన్‌లో 'అమ్మ'ని చేర్పించాలి. మొదటిదానికి గెజిటెడ్ ఆఫీసరు సంతకం చేసిన పత్రం, మండలంలో ఆధార్ సెంటరుకి రెండు తిరుగుళ్ళు. రెండోదానికి ఆ సరైన ఆధార్ వచ్చేదాకా ఎదురుచూపు. నాలుగు నెలల్లో ఎక్కువ భాగం దీనికే పోయింది. అసలు పాస్‌పోర్టు అప్లికేషన్ దీని తర్వాతే.

ఇంటిపేరు సంగతి అమెరికా రావాలనుకునే వాళ్ళకి ముఖ్యం కాబట్టి కాస్త చెబుతాను. ఫారంలో 'గివెన్ నేమ్', 'సర్‌నేమ్' అని రెండు గళ్ళు ఉంటాయి. మనవాళ్ళు చాలామంది పేరంతా మొదటి గడిలో పెట్టి రెండోది ఖాళీగా వదిలేస్తారు. భారతదేశానికి అది తప్పేమీ కాదు, పాస్‌పోర్టు ఇస్తారు. కానీ అమెరికా వీసా మీద ఆ పేరంతా ఇంటిపేరు గడిలోకి జరిగి, అసలు పేరుండాల్సిన చోట 'ఎఫ్.ఎన్.యు.' అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దానర్థం. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చిన కొత్తలో ఇలాంటి పేరున్న స్నేహితుడొకడు మాకుండేవాడు. బ్యాంకు నుంచి, యూనివర్సిటీ నుంచి ఉత్తరాలన్నీ 'ప్రియమైన ఎఫ్.ఎన్.యు. గారికి' అనే వచ్చేవి. మేము నవ్వుకునేవాళ్ళం, వాడికి మాత్రం డ్రైవింగ్ లైసెన్సు దగ్గర్నుంచి ప్రతిచోటా చుక్కలు కనిపించాయి.

తర్వాత ఫారంలో ఇంకో ప్రశ్న. మీకు వేరే పేర్లు ఏమైనా ఉన్నాయా? అమ్మ ఫోన్లో కాసేపు ఆగి, "మా పుట్టింట్లో నన్ను పాప అంటారు. అదీ రాయాల్నా?" అని అడిగింది. అక్కర్లేదమ్మా అన్నాను. "రాస్తే ఏమైతాది?" అంది. ఏమీ కాదు గానీ పని పెరుగుతుందన్నాను. ఒంటి మీద కనిపించే గుర్తు ఏమైనా ఉందా అన్న గడి దగ్గర మాత్రం ఏ ఇబ్బందీ రాలేదు. ఎడమచేతి మీద పచ్చబొట్టు. కార్డుల్లాగా ఎవరూ తప్పు కొట్టలేదు, చిన్నప్పుడు ఎలా పొడిచారో అలాగే ఉంది.

ఇక పుట్టినతేదీ. మన దేశంలో జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. అమ్మ అప్పటికే పుట్టింది. పుట్టింది వాళ్ళ అమ్మమ్మ ఊళ్ళో, ఇంట్లోనే, మంత్రసాని చేతుల్లో. ఎక్కడా రాసింది లేదు. అమ్మకి తెలిసిందల్లా ఇది: "మీ పెద్దమామ కన్నా రెండేండ్లు చిన్న. నేను పుట్టినప్పుడు మామిడి పూత మీద ఉండాదంట, మా జేజి చెప్పేది." ఆధార్ తీసిన కొత్తల్లో ఆమె కార్డు మీద సంవత్సరం మాత్రమే పడింది, 1966 అని. తర్వాత బ్యాంకు కోసం పాన్ కార్డు తీసినప్పుడు ఎవరో దాన్ని జనవరి 1 చేసేశారు.

మీరు గమనించారో లేదో, మన పల్లెల్లో జనవరి 1న పుట్టినవాళ్ళు లెక్కలేనంతమంది. నాలుగు రోజులు ఆగి అడిగే తీరిక లేని ప్రతి ఆపరేటరూ ఒక తరాన్ని మొత్తం కొత్త సంవత్సరం రోజున పుట్టించాడు. అంతకుముందు ఆ పని బడిలో హెడ్మాస్టర్లు చేసేవాళ్ళు. ఒకటో తరగతిలో చేర్చుకునేటప్పుడు వయసు సరిపోయేలా జూన్‌లోనో జులైలోనో ఒక తేదీ వేసేవాళ్ళు. అందుకే మన నాన్నలందరూ జులైలో, మన అమ్మలందరూ జనవరిలో. మా అమ్మ విషయంలో ఆపరేటరు మరీ అన్యాయం చేయలేదు. మా ప్రాంతంలో మామిడి పూతకి వచ్చేది డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే. వాడికి తెలియకుండానే దగ్గరికి వచ్చాడు.

ఉత్త సంవత్సరం ఉన్న ఆధార్ పుట్టినతేదీకి పనికిరాదు. కానీ పాన్ పనికొస్తుంది. ఈ వెసులుబాటు 2016 డిసెంబరులో వచ్చింది. అంతకు ముందు 1989 జనవరి 26న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళందరికీ జనన ధ్రువపత్రం తప్పనిసరి. కొత్త నిబంధనలతో బడి టి.సి., పాన్, తేదీ ఉన్న ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు, ఎల్.ఐ.సి. బాండు, వీటిలో ఏదైనా ఒకటి చాలన్నారు. పెళ్ళి ధ్రువపత్రం అక్కర్లేదన్నారు. తల్లీ తండ్రీ ఇద్దరి పేర్లూ కాక ఒక్కరి పేరు ఇచ్చినా చాలన్నారు. పదిహేను అనుబంధ పత్రాలని తొమ్మిదికి తగ్గించి, నోటరీ ముద్రలూ స్టాంపు పేపర్లూ తీసేసి, తెల్లకాగితం మీద సొంత సంతకంతో రాసిస్తే చాలన్నారు. టీవీలో ఒక రోజు వార్త, మర్నాటికి మర్చిపోయాం. కానీ మా అమ్మలాంటి వాళ్ళకి తలుపు తెరుచుకుంది అక్కడే. ఇప్పుడు మళ్ళీ ఆ తలుపు ఒక పక్క నుంచి దగ్గరపడింది. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకి జనన ధ్రువపత్రం ఒక్కటే రుజువు. ఆస్పత్రుల్లోనే పుట్టే ఈ కాలానికి అది సబబే కావచ్చు. మామిడి పూతని బట్టి పుట్టినరోజు చెప్పుకునే తరం మాత్రం మన అమ్మలతో ముగిసిపోతుంది.

మంత్రసాని చేతుల్లో పుట్టడం మన దగ్గరే సమస్య అనుకోకండి. ఇక్కడ టెక్సస్ దక్షిణాన, మెక్సికో సరిహద్దు వెంబడి రియో గ్రాండే లోయ అని ఉంది. పేద పల్లెలు. ఆస్పత్రి ఖర్చు భరించలేక తరతరాలుగా మంత్రసానుల దగ్గరే కాన్పులు. వాళ్ళలో కొందరు సరిహద్దు అవతల పుట్టిన పిల్లలకి కూడా ఇక్కడ పుట్టినట్టు కాగితాలిచ్చారని గతంలో కేసులు నడిచాయి. దాంతో ఆ చేతుల్లో పుట్టినవాళ్ళందరి మీదా అనుమానం. జనన ధ్రువపత్రం చేతిలో ఉన్నా పాస్‌పోర్టు ఆపేసి, బాప్టిజం రికార్డు తెండి, మీ అమ్మ గర్భిణిగా ఉన్నప్పటి కాగితాలు తెండి అని అడిగారు. 2008లో వాళ్ళు కోర్టుకెళ్ళారు, 2009లో ప్రభుత్వం రాజీకొచ్చి పద్ధతి మార్చుకుంటామని ఒప్పుకుంది. చదువుతుంటే మా జేజి గుర్తొచ్చింది. ఆమె అక్కడ పుట్టి ఉంటే, మామిడి పూతకి బదులు ఇంకేదో చెట్టు పూత చెప్పేది.

మూడో ప్రశ్న ఊరు. ఊరు సులువే, జిల్లా కష్టం. అమ్మ పుట్టినప్పుడు జిల్లా కడప. ఇంగ్లీషులో తెల్లవాళ్ళ నాటి స్పెల్లింగు. 2005లో ఆ స్పెల్లింగు మారింది. 2010లో జిల్లా పేరే వై.ఎస్.ఆర్. జిల్లా అయింది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మా రాజంపేట అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళింది. పుట్టిన ఊరికీ మెట్టిన ఊరికీ మధ్య పదకొండు కిలోమీటర్లు. ఆ పదకొండు కిలోమీటర్లు దాటి ఎక్కడా కాపురం ఉండని మనిషి ఇన్ని జిల్లాలు చూసింది. నేను రెండు ఖండాలు దాటొచ్చి అయిదేళ్ళుగా ఒకే కౌంటీలో ఉన్నాను.

ఫారం నింపడమంటే రాత్రి పూట పని అని చెప్పాను కదా. చలికాలంలో మనకీ వాళ్ళకీ పదమూడున్నర గంటల తేడా. నేను పిల్లలు పడుకున్నాక పదింటికి కూర్చుంటే అక్కడ మర్నాడు పదకొండున్నర. ఓ.టి.పి. వెళ్ళేది అమ్మ ఫోనుకి. అమ్మ తోటలో ఉంటుంది. తోటలో సిగ్నలు వేపచెట్టు కింద మాత్రమే వస్తుంది. ఆరు అంకెలు చదివి చెప్పేలోపు ఇక్కడ టైమైపోతుంది. ఆ వారమంతా అమ్మ పదకొండున్నరకి పని ఆపి వేపచెట్టు కింద కూర్చునేది.

అపాయింట్‌మెంటు తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో దొరికింది. ఊరి నుంచి తొంభై కిలోమీటర్ల పైనే. ఒకప్పటితో పోలిస్తే ఇది దగ్గరే. నాకు గుర్తున్నంతలో మా వైపు నుంచి పాస్‌పోర్టు కోసం మనిషి సికింద్రాబాదుకి వెళ్ళేవాడు, లేదా ఏజెంటుకి డబ్బులిచ్చి ఇంట్లో కూర్చునేవాడు. పాస్‌పోర్టు సేవా కేంద్రాలు 2010లో బెంగుళూరులోనూ చండీగఢ్‌లోనూ మొదలై, 2012కల్లా దేశమంతా వచ్చాయి. అప్పట్లో దేశానికి మొత్తం 77. ఆ తర్వాత 2017 నుంచి పెద్ద పోస్టాఫీసుల్లో కూడా తీసుకోవడం మొదలుపెట్టారు. పల్లెలకి నిజంగా మేలు చేసింది ఈ పోస్టాఫీసు పద్ధతే. తెలంగాణలో హైదరాబాదు బయట సేవా కేంద్రాలు నిజామాబాదుకీ కరీంనగర్‌కీ రావడం వెనక కారణం ఏమిటో గల్ఫ్ సంగతి తెలిసిన వాళ్ళెవరికీ చెప్పక్కర్లేదు.

అమ్మ, మా మేనమామ కలిసి తెల్లవారుజాము రైలుకి బయల్దేరారు. తిరుపతి దాకా వెళ్ళి కొండెక్కకుండా వచ్చేది లేదని అమ్మ ముందే తేల్చేసింది. లోపల మూడు కౌంటర్లు, ఎ, బి, సి. మొదటిదాంట్లో ఫోటో, వేలిముద్రలు. రెండోదాంట్లో కాగితాలు చూస్తారు, మూడోదాంట్లో ఒప్పుకుంటారు. అమ్మకి భయం వేలిముద్రలంటేనే. కలుపు తీసి, కాయలు కోసి, అంట్లు తోమి వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. రేషన్ షాపులో మిషను ఎన్నోసార్లు కాదంది. కౌంటరు దగ్గరున్న అమ్మాయి తడిగుడ్డ ఇచ్చి తుడుచుకోమని, కాసేపు ఆగి మళ్ళీ పెట్టించిందట. పడ్డాయి. "బంగారట్లా బిడ్డ" అని అమ్మ ఇప్పటికీ తలుచుకుంటుంది.

ఆ తర్వాత స్టేషన్ నుంచి కానిస్టేబులు వచ్చాడు, ఇరుగుపొరుగు ఇద్దరి సంతకాలు తీసుకున్నాడు. ఆ ఇద్దరిలో ఒకరు మా ఎదురింటి అక్క.

ఇక ఆమె సంగతి.

అక్క ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు కువైట్‌కి వెళ్ళింది. మొగుడు పోయాడు, ఇద్దరు పిల్లలు, అప్పు. పది పాసవలేదు. పది పాసవని వాళ్ళ పాస్‌పోర్టు మీద ఇ.సి.ఆర్. అని ముద్ర పడుతుంది. 1983 నాటి వలస చట్టం కింద, గల్ఫ్ దేశాలు, మలేషియా లాంటి కొన్ని చోట్లకి పనికి వెళ్ళేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని దాని భావం. చదువులేని వాళ్ళని మోసాల నుంచి కాపాడటానికి పెట్టింది. ఆడవాళ్ళయితే ముప్పై ఏళ్ళు నిండాలన్నది కూడా అలాగే పెట్టిన నిబంధన. అది తెలిసిన ఏజెంటు పాస్‌పోర్టు ఫారంలో ఆమెకి మూడేళ్ళు కలిపాడు. కాపాడటానికి పెట్టిన నిబంధన కాస్తా ఆమె పుట్టినతేదీని అబద్ధం చేసింది. ఆ ఫారంలో ఏం రాశారో ఆమె చదవలేదు, ఎవరూ చదివి వినిపించలేదు.

కువైట్‌లో దిగిన రోజే ఇంటి యజమానురాలు పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో పెట్టుకుంది. మన 1967 పాస్‌పోర్టు చట్టం, పదిహేడో సెక్షను ప్రకారం పాస్‌పోర్టు ఎప్పటికీ భారత ప్రభుత్వపు ఆస్తి. మనిషి దగ్గర ఉంచుకోవడానికి ఇచ్చింది మాత్రమే. ఈ వాక్యం అక్కకి తెలిసినా ఆ వంటింట్లో ఎవరికి చెప్పుకోవాలి? జీతం సరిగ్గా ఇవ్వక, ఆ ఇల్లు వదిలి బయట దొంగచాటుగా పని చేసుకుంది. 2018 మొదట్లో కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు మన ఎంబసీ ఇచ్చిన ఔట్‌పాస్ కాగితంతో ఇంటికొచ్చింది. మా వైపు ఔట్‌పాస్ అంటే పిల్లలకి కూడా తెలుసు. పాస్‌పోర్టు పోగొట్టుకున్న వాళ్ళు ఇంటికి రావడానికి మాత్రమే పనికొచ్చే ఒంటరి కాగితం అది.

అమ్మ పాస్‌పోర్టు వచ్చాక అక్క ఫోన్ చేసింది. మళ్ళీ వెళ్ళాలి తమ్ముడూ, నాకూ నింపిపెట్టు అంది. ఇంతకు ముందు పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు కొత్తది కాదు, రీ-ఇష్యూకి పెట్టుకోవాలి. అందులో కారణం అడుగుతుంది. గడువు ముగిసిందా, పేజీలు అయిపోయాయా, చిరిగిందా, పోయిందా. పోయింది అని పెట్టి, పోలీసు రిపోర్టు, ప్రమాణ పత్రం కావాలి అక్కా అన్నాను.

"పోలేదు గదా తమ్ముడూ. ఆమె బీరువాలో ఉండాది" అంది.

ఆ మాటకి నాకు సమాధానం లేదు. నీ పాస్‌పోర్టు ఇంకొకరి బీరువాలో ఉందా అనే గడి ఏ ఫారంలోనూ లేదు. ఇంకో చిక్కు పుట్టినతేదీ. పాత పాస్‌పోర్టులో ఒకటి, ఆధార్‌లో ఒకటి, మూడేళ్ళ తేడా. అమ్మ కార్డులు తేడాగా ఉంటే అది ఆపరేటరు తొందర అని అందరికీ తెలుసు. అక్క కార్డులు తేడాగా ఉంటే అది ఆమె చేసిన మోసంలా కనిపిస్తుంది. అబద్ధం రాసిన ఏజెంటు ఎక్కడున్నాడో తెలియదు. సంజాయిషీ చెప్పుకోవాల్సింది మాత్రం అక్క. ఆమె ఫైలు నేనిది రాసేనాటికి ఇంకా నడుస్తోంది.

ఇద్దరి చదువూ దాదాపు ఒకటే. అమ్మ అయిదు, అక్క ఎనిమిది. కానీ అమ్మ పాస్‌పోర్టు మీద ఆ ఇ.సి.ఆర్. ముద్ర లేదు. యాభై ఏళ్ళు దాటిన వాళ్ళకి చదువుతో పని లేకుండా మినహాయింపు ఉంది. ఈ సంగతి తెలియక చాలామంది అమ్మానాన్నల ఫారంలో తప్పు గడిలో టిక్కు పెడతారు, గుర్తుంచుకోండి. 2018 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఈ ఇ.సి.ఆర్. వాళ్ళకి ఏకంగా నారింజ రంగు పాస్‌పోర్టు ఇస్తామంది. అంటే విమానాశ్రయంలో దూరం నుంచే ఇతను పది పాసవలేదని అందరికీ తెలిసిపోతుంది. దేశమంతా, ముఖ్యంగా గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు గొడవ చేశారు. ఆ నెల తిరక్కుండానే వెనక్కి తీసుకున్నారు. అట్ట రంగు ఒకటే ఉండటం ఎంత పెద్ద మర్యాదో నాకు అప్పుడు అర్థమైంది.

పాస్‌పోర్టు అడిగి తీసుకునే హక్కు మనకి రావడం వెనక ఒక తెలుగాయన ఉన్నాడని ఎంతమందికి తెలుసో. 1967 దాకా పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం ప్రభుత్వం ఇష్టం. సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారి తన పాస్‌పోర్టులు వెనక్కిచ్చెయ్యమన్నందుకు సుప్రీంకోర్టుకి వెళ్ళాడు. అయిదుగురు జడ్జీల్లో ముగ్గురు, విదేశానికి ప్రయాణం చేయడం రాజ్యాంగంలోని ఇరవై ఒకటో అధికరణం ఇచ్చిన వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని తీర్పిచ్చారు. ఆ తీర్పు రాసింది ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు, మన రాజమండ్రి ఆయన. తేదీ 1967 ఏప్రిల్ 10. మర్నాడే ఆయన పదవి వదిలేసి రాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడ్డారు. ఆ తీర్పు వల్లే అదే ఏడు జూన్ 24న పాస్‌పోర్టు చట్టం వచ్చింది. అమ్మకి అప్పుడు కార్డుల లెక్కన ఏడాదిన్నర.

హక్కు వచ్చి యాభై ఏళ్ళు దాటింది. అమ్మకి ఆ హక్కు అందడానికి సన్నీవేల్‌లో లాప్‌టాప్ పట్టుకున్న కొడుకు ఉన్నాడు. అక్కకి ఏజెంటు ఉన్నాడు. ఒకే వీధి, ఒకే రైలు, ఒకే నీలం అట్ట. తేడా అంతా ఫారం ఎవరు నింపారు, వచ్చిన పుస్తకం ఎవరి పెట్టెలో ఉంది అన్నదాంట్లోనే ఉంది.

అమ్మ పాస్‌పోర్టు 2023 ఫిబ్రవరిలో వచ్చింది. ఊరి పోస్ట్‌మన్ తెచ్చాడు. అమ్మ దాన్ని నాకు వీడియోలో ఒక్కో పేజీ తిప్పి చూపించింది. అంతా హిందీ, ఇంగ్లీషు. పేరు కూడా ఇంగ్లీషులోనే. నేను తెలుగు టైపింగు ఎవరూ నేర్పకుండా ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నేర్చుకున్నవాణ్ణి. తెలుగు ఎక్కడ లేకపోయినా కంటికి ఆనుతుంది. ఫోటో కింద చూశాను. అమ్మ సంతకం. అయిదో తరగతి వరకు నేర్చుకున్న గుండ్రటి అక్షరాలు, చివర్లో 'అమ్మ' పూర్తిగా, ఒత్తుతో సహా. ఆ పుస్తకం మొత్తంలో తెలుగు అదొక్కటే. ఏ ఆపరేటరూ ముట్టుకోనిదీ అదొక్కటే.

మా రెండో పాప పాస్‌పోర్టు కూడా ఆ ఏడాదే తీసుకున్నాం. పుట్టిన నిమిషంతో సహా కాగితం ఆస్పత్రిలోనే రాశారు. కౌంటీ ఆఫీసు నుంచి జనన ధ్రువపత్రం తెచ్చుకుని, పోస్టాఫీసులో తల్లీ తండ్రీ ఇద్దరం కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేసి సంతకం పెట్టాం. 135 డాలర్లు, పావుగంట. 'లాస్ట్ నేమ్' గడిలో మా ఇంటిపేరు పూర్తిగా రాశాను. ఆ పిల్లని తన ఇంటిపేరేమిటని జీవితంలో ఎవరూ రెండోసారి అడగరు.

అమెరికా వీసా తేదీ దొరకడానికి అప్పట్లో పట్టిన కాలం మీకు తెలుసు. అమ్మ వచ్చేసరికి పాప పాకడం కూడా దాటి నిలబడుతోంది. నాలుగు నెలలు కార్డులు దిద్దడంలో పోకపోయుంటే వీసా వరసలో అంత ముందు నిలబడేవాళ్ళం. అందుకే ఇది రాస్తున్నాను. ఊళ్ళో అమ్మానాన్నలున్న వాళ్ళు, అవసరం పడ్డాక కాదు, ఈ వారమే నాలుగు కార్డులూ ఫోటో తీయించి పంపమనండి. పేరు, తేదీ, ఊరు అన్నిట్లో ఒకేలా ఉన్నాయా చూడండి. ఏ పేరు ఉంచాలో మీరు తేల్చకండి, వాళ్ళని అడగండి. పాస్‌పోర్టు వచ్చాక జాగ్రత్త కోసమని మీ దగ్గర పెట్టుకోకండి, వాళ్ళ పెట్టెలోనే ఉండనివ్వండి.

ఎలాగూ రాత్రిపూట ఒక ఫారం తెరుస్తారు కదా, అదే వీధిలో ఇంకొకరిది కూడా నింపిపెట్టండి. చివర్లో మొత్తం తెలుగులో చదివి వినిపించండి. అక్కకి మొదటిసారి ఎవరైనా అంతమాత్రం చదివి వినిపించి ఉంటే, నా వయసు అది కాదన్నా అని అక్కడే చెప్పి ఉండేది.